రెండంటే ఎంత?

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, రేడియేషన్ వల్ల జుట్టు ఊడిపోతుందా?" నా బట్టతల చూసే అడుగుతారు. మా నాన్నదీ బట్టతలే, ఆయన బతుకంతా డోర్నకల్ లైన్లో రైల్వే గేటు వేస్తూ తీస్తూ గడిపాడు, ఏ రేడియేషనూ ఎరగడు అని చెబుతాను. నవ్వుతారు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మీటరు మీద అంకె పక్కన ఏం రాసి ఉంటుంది, దాన్ని ఎట్లా చదవాలి అని ఇన్నేళ్లలో ఒక్క కుర్రాడూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, సన్మానాల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్నా రాయను.

మా పని

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఫ్యాక్టరీలలో బాయిలర్లు, పెద్ద పెద్ద పైపులు ఉంటాయి. పైపుకూ పైపుకూ మధ్య వెల్డింగ్ అతుకు ఉంటుంది. ఆ అతుకు లోపల చిన్న బుడగ ఉన్నా, సన్నని పగులు ఉన్నా, ఆవిరి ఒత్తిడికి ఏదో ఒకరోజు పేలుతుంది. పైకి చూస్తే కనపడదు. డాక్టరు ఎముకకు ఫోటో తీసినట్టు మేము అతుకుకు ఫోటో తీస్తాం. దానికి ఇరిడియం అనే లోహపు గింజ వాడతాం. జొన్నగింజ కన్నా చిన్నది. అదే మా సోర్సు.

ఆ గింజ ఒక బరువైన డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బాను మేము కెమెరా అంటాం. దూరంగా నిలబడి క్రాంక్ అనే చేతిపిడి తిప్పితే, ఒక తీగ గింజను డబ్బాలోంచి రబ్బరు గొట్టం గుండా తోసుకుంటూ అతుకు దగ్గరికి తీసుకుపోతుంది. అతుకు అవతలి వైపు ఫిల్మ్ కట్టి ఉంటుంది. కావలసినంత సేపు ఉంచి, మళ్లీ క్రాంక్ వెనక్కి తిప్పి గింజను డబ్బాలోకి లాక్కుంటాం. అప్పుడు ఒకరు వెళ్లి ఫిల్మ్ మార్చి, గొట్టం చివరను తర్వాతి అతుకు దగ్గరికి జరిపి వస్తారు. చూడడానికి ఇంతే. గింజ బయట ఉండగా ఎవడైనా దగ్గరికి పోయాడా, ఇక వాడి ఖర్మ. దానికి వాసన లేదు, వేడి లేదు, చప్పుడు లేదు.

సైట్లో మనుషులు ఉండకూడదు కాబట్టి మా పని ఎప్పుడూ ఆదివారం. మాది ఖమ్మంలో క్రైస్తవ కుటుంబం. మా ఆవిడ సుగుణ ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు బయల్దేరేది, నేను బూట్లు వేసుకుని జీపెక్కేవాడిని. "పరలోకంలో కూడా నీకు ఆదివారం డ్యూటీ వేస్తరు, చూస్కో" అనేది. నాకు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు అని పేరు. అంటే ప్రమాదం జరగకుండా చూడాల్సినవాడిని.

సున్నాల భయం

ఒకసారి భద్రాచలం దారిలో చెక్‌పోస్టు దగ్గర మా జీపు ఆపారు. ఆ రోజుల్లో అడవిలో పరిస్థితి బాగుండేది కాదు. ప్రతి డబ్బానూ అనుమానంగా చూసేవాళ్లు. మా డబ్బా మీద పసుపు గుర్తు చూసేసరికి ఆ పోలీసాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది గిది?"

"వెల్డింగ్ అతుకులకు ఫోటో తీసే సోర్సు సార్. కాగితాలున్నాయి."

కాగితం తీసుకుని చదివాడు. అందులో గింజ బలం కొత్త పద్ధతిలో, అంటే బెక్వెరెల్‌లో రాసి ఉంది. ఆయన వేలుపెట్టి సున్నాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపి, "అబ్బో, ఇన్ని సున్నాలేందయ్యా! ఊరుకు ఊరే లేచిపోతదా ఏంది?" అన్నాడు.

"పాత లెక్కలో ముప్పై క్యూరీలే సార్."

"ముప్పయ్యేనా? గట్ల చెప్పొద్దా ముందే! పో, పో, జల్దీ పో."

జీపులో అందరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. అదే డబ్బా, అదే గింజ. ఒక యూనిట్లో చెబితే భయపడ్డాడు, ఇంకో యూనిట్లో చెబితే గేటెత్తాడు. భయపడ్డదీ తప్పే, గేటెత్తిందీ తప్పే.

ఇది మీరు మనసులో పెట్టుకోవాలి. సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెక్వెరెల్. ఒక క్యూరీ అంటే సెకనుకు మూడువేల ఏడువందల కోట్లు. అందుకే క్యూరీ అంకె చిన్నగా, అమాయకంగా కనపడుతుంది. బెక్వెరెల్ అంకె రాక్షసిలా కనపడుతుంది. ఇది గింజలో ఎంత ఉందన్న లెక్క. మనిషికి ఎంత తగిలిందన్నది వేరే లెక్క. దానికి పాతకాలం వాళ్లం రాంట్‌జెన్, రాడ్, రెమ్ వాడేవాళ్లం. మా గింజ విషయంలో ఈ మూడూ ఇంచుమించు ఒకటే అనుకుని పనిచేసేవాళ్లం. కొత్తవి గ్రే, సీవర్టు. వంద రాడ్లు ఒక గ్రే, వంద రెమ్‌లు ఒక సీవర్టు. మీటరు దగ్గరికి వస్తే, ఒక మిల్లీరాంట్‌జెన్ అంటే పది మైక్రోసీవర్టులు. కాగితం మీద ఇది పిల్లల లెక్కే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవడూ కాగితం తీయడు.

పాప పడుకుందా?

మా ముఠాలో అందరికన్నా పనిమంతుడు యాకూబ్. కల్లూరు వాడు. వాళ్లది తాతల నుంచీ దర్జీల కుటుంబం. బజార్లో దుకాణం ఉంది, అన్న ఖాదర్ చూసుకుంటాడు. ఒకేచోట కూర్చుని మిషను తొక్కడం తనవల్ల కాదని యాకూబ్ మా పనిలోకి వచ్చాడు. కానీ చేతిలోంచి కత్తెర పోలేదు. సెలవు దొరికితే చాలు, కల్లూరు పోయి గుడ్డలు కత్తిరించేవాడు. పెళ్లి షేర్వానీ అయితే ఖాదర్ కూడా కత్తెర తమ్ముడికే ఇచ్చేవాడు. నా కూతురి పెళ్లికి నా కోటు కత్తిరించింది అతనే.

క్రాంక్ తిప్పేది ప్రకాశం. మా చర్చి వాడే. నెమ్మదస్తుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. యాకూబ్ పైపుల అవతల తాడు కట్టిన హద్దు దగ్గర నిలబడేవాడు. మధ్యలో జనరేటరు మోత, ఎంత అరిచినా వినపడదు. అందుకని వాళ్లిద్దరూ ఒక సైగ పెట్టుకున్నారు. గింజను వాళ్లు పాప అనేవాళ్లు. పాప బయట ఉంటే ప్రకాశం నిలబడ్డ చోట పాత మీటరు ముల్లు రెండొందల మిల్లీరాంట్‌జెన్ దగ్గర ఊగేది. పాప డబ్బాలోకి పోయి పడుకుంటే ముల్లు రెండుకు లోపలికి దిగేది. యాకూబ్ దూరం నుంచి చెయ్యి ఊపి "పడుకుందా?" అని అడిగేవాడు. ప్రకాశం మీటరు చూసి, రెండు వేళ్లు ఎత్తి చూపేవాడు. రెండులోపే ఉంది, పడుకుంది అని. యాకూబ్ లోపలికి పోయి ఫిల్మ్ మార్చేవాడు.

లోపలికి పోయే మనిషి చేతిలోనే మీటరు ఉండాలి. ఇది నేను గొంతు చించుకుని చెప్పేవాడిని. "ఉన్నది ఒక్కటే మీటరు సార్, ఇద్దరం ఎట్ల పట్టుకోవాలె?" అనేవాడు యాకూబ్. ఆ మాటా నిజమే. రెండోది కావాలని నేను అడగని నెల లేదు. ఏళ్ల తరబడి ఆ రెండు వేళ్లు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అదే మా కొంప ముంచింది.

కొత్త మీటర్లు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు చెప్పను. చెడ్డవాడు కాదు. పని ఆగడం తప్ప దేనికీ భయపడని మనిషి, అంతే. పాత ముల్లు మీటర్లన్నీ తీసేసి కొత్త అంకెల మీటర్లు తెప్పించాడు. కొత్త యూనిట్లు, కొత్త అందం. తక్కువ రేడియేషన్ ఉంటే మైక్రోసీవర్టులలో చూపిస్తుంది. వెయ్యి దాటగానే తనంతట తనే మిల్లీసీవర్టులకు మారి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అంకె పెద్దగా కనపడుతుంది, యూనిట్ కింద ఒక మూలన చీమంత ఉంటుంది.

నేను ఆయన గదికి వెళ్లాను. "సార్, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వాడనివ్వండి. మనవాళ్ల కళ్లు అలవాటు పడాలి."

"ఫిలిప్ గారూ, పదితో భాగించడం మూడో తరగతి లెక్కండీ. దానికి ట్రైనింగ్ ఏంటండీ?"

"భాగించడం గురించి కాదు సార్. అక్కడ లెక్కలు వేసే టైమ్ ఉండదు. చూడగానే ఒళ్లు జలదరించాలి. రెండొందలు చూస్తే వాళ్లకి జలదరిస్తుంది. ఈ మీటరు దాన్ని రెండు అని చూపిస్తుంది."

"మీరు మరీ భయపెడతారండీ" అని నవ్వాడు. ఆ వారమే పాత మీటర్లన్నీ బండెక్కించి పంపేశాడు. రేడియేషన్ ఎక్కువైతే మోగే అలారం ఒకటి మెడలో వేసుకునేవాళ్లం. అది రిపేరుకు పోయి తిరిగి రాలేదు. కొత్త మీటరుతో మొదటి ఆదివారం నేను సైట్లో ఉంటానన్నాను. సత్తుపల్లి బొగ్గు ప్లాంటులో ఏదో తనిఖీ ఉందని నన్ను అటు పంపాడు.

ఆ ఆదివారం

మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ప్రకాశం.

"సార్, మీటరు ఖరాబైనట్టుంది. పాప లేచినా రెండే చూపిస్తుంది, పడుకున్నా రెండే చూపిస్తుంది."

"రెండు ఏంది ప్రకాశం? అంకె కింద చూడు. మైక్రోనా, మిల్లీనా?"

జనరేటరు మోతలోనే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"మిల్లీ, సార్."

రెండు మిల్లీసీవర్టులు. పాత లెక్కలో రెండొందల మిల్లీరాంట్‌జెన్. గింజ బయటే ఉంది. తీగకూ గింజకూ మధ్య ఉండే కొక్కెం ఊడిపోయింది. క్రాంక్ తిప్పితే తీగ ఒక్కటే వెనక్కి వచ్చింది, గింజ గొట్టం చివరే ఉండిపోయింది.

"యాకూబ్ ఎక్కడున్నడు?"

"ఇక్కడనే ఉన్నడు సార్. నేను రెండు వేళ్లు చూపిచ్చిన, ఒక ఫిల్మ్ మార్చి వచ్చిండు."

సత్తుపల్లి నుంచి ఆ దారి అంతా ఎట్లా వచ్చానో నాకు గుర్తులేదు. డ్రైవరును తిట్టానని తర్వాత అతనే చెప్పాడు. హద్దు తాడు ఇంకా దూరం జరిపించి, పొడుగు పట్టుకారుతో, సీసపు గుండ్ల సంచులతో గింజను డబ్బాలోకి చేర్చేసరికి సాయంత్రమైంది. రేడియేషన్ పనులు చూసే ప్రభుత్వ అధికారులకు వెంటనే కబురు పంపాను. ఆ తర్వాతే యాకూబ్ దగ్గరికి పోగలిగాను. ఒక పైపు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటికి తగిలింది చూపే పెన్ను జేబులోంచి తీసి ఇచ్చాడు. దాని గీత చివరికంటా పోయి కనపడకుండా పోయింది.

"కింద పడ్డట్టుంది సార్, గందుకే ఫుల్ అయింది" అన్నాడు. అతనికీ తెలుసు అది పడలేదని.

"గొట్టం చివర ఎట్ల పట్టుకున్నవ్?"

కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు, మధ్యవేలు చూపించాడు. "ఎప్పుడూ పట్టుకున్నట్టే."

పన్నెండు

ఛాతీ మీద పెట్టుకునే, తగిలిన రేడియేషన్ నమోదయ్యే బ్యాడ్జిని అర్జంటుగా పరీక్షకు పంపాం. పన్నెండు మిల్లీసీవర్టులని వచ్చింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. "చూశారా ఫిలిప్ గారూ! ఏడాది హద్దులోపే. దేవుడి దయ."

"సార్, బ్యాడ్జి ఉన్నది ఛాతీ మీద. గింజకు మూరెడు దూరం. వేళ్లు ఉన్నది గింజకు వేలెడు దూరంలో కూడా కాదు, ఆ గొట్టం మీదే. దూరం యాభయ్యో వంతు అయితే దెబ్బ రెండున్నర వేల రెట్లు. పన్నెండును రెండున్నర వేలతో గుణించండి."

"అది మీ లెక్కండీ. రిపోర్టులో ఉన్నది పన్నెండే కదా."

ముప్పై సీవర్టులు వస్తుంది. వేళ్లకు ముప్పై గ్రే. పాత లెక్కలో మూడువేల రాడ్లు. నేనీ మాట ఎవరితో అన్నా, నా వయసు చూసి జాలిపడ్డట్టు చూశారు.

యాకూబ్ మళ్లీ పనిలోకి వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. ఇంట్లో కూర్చుంటే పని పోతుందని భయం. ఒకరోజు టీ తాగుతుంటే చూశాను. గ్లాసును వేళ్లతో పట్టుకోకుండా రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాడు.

"చెయ్యి చూపియ్" అన్నాను.

"ఏం లేదు సార్."

"చూపియ్ అంటున్నా కదా!"

ఆ రెండు వేళ్ల కొసలు ఎర్రగా, ఉబ్బి, నిగనిగలాడుతున్నాయి. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకుపోతే, కంపెనీ కాగితంలో హద్దులోపే అని ఉంది కదా అని, కాలిన గాయానికి పూసే మందు రాసిచ్చారు. వాళ్లను అని ఏం లాభం? వాళ్ల ముందున్న అంకె పన్నెండు. తర్వాత బొబ్బలు వచ్చాయి. ఆ తర్వాత చర్మం నల్లబడింది. నొప్పికి పగలంతా పళ్లు బిగించుకుని కూర్చునేవాడు. నేను సెలవు పెట్టి హైదరాబాద్ పెద్దాస్పత్రికి తీసుకుపోయాను.

అక్కడ ఒక ముసలి డాక్టరు. నేను చెప్పుకుపోతున్నాను, వేళ్లకు ముప్పై దాకా తగిలి ఉంటుందని. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"ముప్పై ఏమిటి?"

ఇంత కథలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. "గ్రే, సార్. మూడువేల రాడ్లు" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. యాకూబ్ వైపు చూసి, "ఏం పని చేస్తావు నాయనా?" అన్నాడు.

"ఈ పనే సార్. ఇంటికాడ దర్జీ పని." కుడిచెయ్యి బల్లమీద పెట్టి, "కత్తెర పట్టుకోగల్గుతనా సార్?" అని అడిగాడు.

డాక్టరు ఆ చేతిని మెల్లగా తిప్పి చూశాడు. ముందే తీసుకొస్తే వేళ్లు దక్కేవా అని బయటికి వచ్చాక నేను అడిగాను. "లేదు, ఆ వేళ్లు ఆ ఆదివారమే పోయాయి. ఇన్నాళ్ల నొప్పి మాత్రం తగ్గించగలిగేవాళ్లం" అన్నాడు. ఆ రెండు వేళ్లూ మొదలంటా తీసేశారు.

కొత్తగా వచ్చేవాళ్లకు

పైనుంచి అధికారులు వచ్చారు. విచారణ జరిగింది, కొన్నాళ్లు పని ఆపించారు. మేనేజరు వేరే ఊరు వెళ్లిపోయాడు. కొత్త యూనిట్లు చెడ్డవని నేను అనడం లేదు. లోకమంతా ఒకే కొలత వాడడం మంచిదే. కానీ కాగితం మీద యూనిట్ మార్చడానికి ఒక్క సంతకం చాలు. మనిషి వెన్నులో మారడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇవ్వనివాడు మేనేజరైనా సరే, మంత్రైనా సరే, వాడి మాట వినకండి. అంకె ఒక్కటే ఎవడైనా చెబితే, ఏమిటి అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ప్రకాశం పని మానేశాడు. ఇప్పుడు ఖమ్మంలో ఆటో నడుపుతున్నాడు. చర్చిలో కనపడితే పక్కకు తప్పుకుంటాడు. యాకూబ్ మాత్రం అతన్ని ఒక్కమాట అనలేదు. నేనే ఒకసారి కోపం పట్టలేక ఏదో అంటే, "వాడు రెండు చూసిండు, రెండు చూపిచ్చిండు. వాని తప్పేముంది సార్?" అన్నాడు.

రిటైరయ్యాక చొక్కా గుడ్డ తీసుకుని కల్లూరు వెళ్లాను. అది వంక. అతన్ని చూసి రావాలని వెళ్లాను. కత్తెర ఇప్పుడు ఖాదర్ చేతిలో ఉంది. యాకూబ్ కొలతలు తీస్తాడు. టేపును ఉంగరపువేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి పట్టుకుంటాడు. నన్ను నిలబెట్టి కొలుస్తుంటే ఖాదర్ బల్ల దగ్గర రాసుకుంటున్నాడు.

"ఛాతీ నలభై అంగుళాలు" అన్నాడు యాకూబ్. "నడుము ముప్పై ఎనిమిది అంగుళాలు. భుజం పద్దెనిమిది అంగుళాలు."

ఖాదర్ నవ్వాడు. "అంగుళాలు గాకుంటే ఏంది, మైళ్లా? చూడుండ్రి సార్, పొద్దుందాక గిదే లొల్లి. గిరాకీలు గూడ నవ్వుతున్నరు."

యాకూబ్ నవ్వలేదు. టేపును తిరగేసి అన్నకు చూపించాడు. అటువైపు సెంటీమీటర్ల గీతలు ఉన్నాయి. "దీనికి రెండు దిక్కులు ఉన్నయ్ భాయ్" అన్నాడు. తర్వాత నా చెయ్యి చాపమని, భుజం నుంచి మణికట్టు దాకా టేపు పరిచాడు.

"చెయ్యి ఇరవై నాలుగు అంగుళాలు."

ఖాదర్ ఇరవై నాలుగు అని రాసి పెన్సిలు చెవి మీద పెట్టుకోబోయాడు.

"అంగుళాలు అని రాయి" అన్నాడు యాకూబ్.

ఖాదర్ నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను. అతను పెన్సిలు తీసి, ఆ మాట కూడా రాశాడు.